మీటరు పెట్టి చూడకముందే మనిషిని అనొద్దు
(మండల సమాఖ్య మహాజన సభలో యంత్రాల కిరాయి కేంద్రం ఉపసంఘం లీడరు చేసిన ప్రసంగం)



నేను పదో తరగతి వరకే చదువుకున్నా. మైకు ముందు నిలబడితే ఇప్పటికీ కాళ్లు వణుకుతాయి. కిరాయి కేంద్రం ఆదాయం, ఖర్చు, కిస్తీల లెక్క కోశాధికారి అక్క ఇంతకుముందే చదివింది. ఆ లెక్కలో "రిపేర్లు" అని ఒక వరుస ఉంది. ఆ వరుస గురించి మాట్లాడమని నన్ను నిలబెట్టారు. ఆ వరుసలో రాయని సంగతి ఒకటి ఉంది. అది కూడా ఇయ్యాల మీ ముందు చెప్పి దిగిపోతా.

పోయిన యాసంగి కోతలప్పుడు మన హార్వెస్టర్ ఐదు రోజులు ఆగిపోయిన సంగతి మీ అందరికీ తెలుసు. చాలామంది తిట్టుకున్నారు కూడా. ఏం జరిగిందో వరుసగా చెప్తా.

మొదటి రోజు పొద్దున బండి బాగానే స్టార్ట్ అయింది. మధ్యాహ్నం అన్నానికి ఆపి, మళ్లీ తాళం తిప్పితే సెల్ఫ్ ఒకసారి "టక్" అని ఊరుకుంది. గంట సేపు చల్లారినాక మళ్లీ స్టార్ట్ అయింది. రెండో రోజు అదే కథ. పట్నం నుంచి మెకానిక్‌ను పిలిపించినం. ఆయన బానెట్ దిక్కు చూసి, "బ్యాటరీ పోయింది, కొత్తది వెయ్యాలె" అన్నాడు. ఎట్ల తెలిసింది అని నేను అడిగితే, "మీకు చెప్తే సమజ్ కాదమ్మా" అన్నాడు. కొత్త బ్యాటరీకి తొమ్మిదిన్నర వేలు అయింది. ఒక రోజు నడిచింది. మళ్లీ ఆగింది. ఈసారి సెల్ఫ్ మోటరు విప్పి తీసుకపోయినాడు. దానికి నాలుగు వేల ఎనిమిది వందలు. తెచ్చి బిగించినంక రెండు సార్లు స్టార్ట్ అయింది, మూడోసారి మళ్లీ "టక్".

అప్పుడు మన ఉపసంఘం కూర్చున్నది. అందరికీ కోపం మీదుంది. ఒక దిక్కు మబ్బు పట్టింది, ఇంకో దిక్కు రైతులు ఫోన్లు. "కొత్త బ్యాటరీ కూడా దిగిపోతుందంటే డ్రైవరే రాత్రి పాటలు పెట్టుకొని పండుకుంటున్నడు" అని ఎవరో ఒక మాట అన్నారు. ఎవరూ కాదనలేదు. నేను కూడా కాదనలేదు. ఆ పిలగాడు నిలబడి, "అక్కా, నేను రాత్రి మెయిన్ స్విచ్చు బందు చేసే పోతున్న, నా మాట నమ్మండి" అన్నాడు. నమ్మలేదు. జీతంలో నాలుగు వేలు కొయ్యాలని తీర్మానం రాసినం. మినిట్స్ పుస్తకంలో రాసింది నా చెయ్యే, మొదటి సంతకం నాదే. తెల్లారి అతను తాళాలు ఆఫీసు బల్ల మీద పెట్టి వెళ్లిపోయినాడు. అతను ఎవరో కాదు, మన సంఘంలో మొదటి రోజు నుంచి పొదుపు కడుతున్న అక్క కొడుకే.

ఆ రాత్రే గాలివాన వచ్చింది. మనం కోస్తామని మాట ఇచ్చిన మళ్లలో వరి పడిపోయింది. అందులో ఒంటరి ఆడమనిషి మడి కూడా ఉంది. ఆమె గింజలు తడిసి, ఐకేపీ కేంద్రంలో తేమ ఎక్కువ వచ్చి, వారం రోజులు ఆరబోసుకుంటూ కూర్చుంది.

తర్వాత మా ఆడబిడ్డ కొడుకు మా ఇంటికి వచ్చినాడు. ఐటీఐ చదివి, కరీంనగర్ దిక్కు గ్రానైట్ క్వారీలలో పొక్లెయిన్లకు కరెంటు పని చేస్తాడు. సంగతి విని, "అత్తా, సెల్ఫ్ కొట్టేటప్పుడు మీటరు పెట్టి ఎవరన్నా చూసినారా?" అని అడిగినాడు. ఎవరూ చూడలేదు. అదే మాట చెప్పిన. సంచిలో నుంచి అరచేతంత మీటరు తీసినాడు. పది నిమిషాలలో రోగం దొరికింది. ఇంజన్‌కూ బండి చట్రానికీ మధ్య ఒక అల్లిక తీగ ఉంటది, దాన్ని ఎర్త్ పట్టీ అంటారు. దాని బోల్టు కింద తుప్పు, దాని మీద బురద, దాని మీద ఎప్పుడో కొట్టిన రంగు. విప్పి, గరుకు కాగితంతో తోమి, కొత్త పట్టీ బిగిస్తే మూడు వందల లోపే అయింది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా బండి ఒక్క తాళానికే స్టార్ట్ అయితుంది.

ఆ పది నిమిషాలలో అతను ఏం చూసినాడో నాకు నేర్పించమని పట్టుబట్టిన. రెండు రోజులు ఉండి నేర్పించినాడు. ఇప్పుడు అది మీకు చెప్తా. ఇందులో మనకు తెలియని లెక్క ఏమీ లేదు.

ముందు ఒక సంగతి. డీజిల్ ఇంజన్‌కు పెట్రోల్ బండి లెక్క నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు ఉండదు. లోపల గాలిని గట్టిగా ఒత్తితే ఆ గాలే కాలిపోయేంత వేడెక్కుతది, ఆ వేడికే డీజిల్ అంటుకుంటది. అంత గట్టిగా ఒత్తాలంటే ఇంజన్‌ను జోరుగా తిప్పాలి. ఆ తిప్పే పని సెల్ఫ్ మోటరుది. ఆ కొద్ది సెకన్లలో అది వందల ఆంపియర్ల కరెంటు తాగుతది. అందుకే బ్యాటరీ తీగలు బొటనవేలంత లావు ఉంటాయి. దారిలో ఎక్కడ చిన్న తుప్పు ఉన్నా, వదులు బోల్టు ఉన్నా, అంత కరెంటు పోలేదు.

డ్రిప్ పైపు సంగతి మీకు తెలుసు. పైపు మధ్యలో మడత పడిందనుకోండి. చివర బిరడా మూసి ఉన్నంత సేపు పైపు నిండుగానే కనబడుతది. బిరడా తీస్తే చుక్కలే పడతాయి. కరెంటు తీగ కూడా అంతే. బండి ఊరికే ఉన్నప్పుడు మీటరు పెడితే అంతటా 12 వోల్టులు బాగానే చూపిస్తది. పని చేయిస్తూ చూస్తేనే అసలు రంగు బయటపడుతది. మెకానిక్ సారు బండి ఆగి ఉన్నప్పుడు కూడా మీటరు పెట్టలేదు, అది వేరే మాట.

మీటరును మల్టీమీటరు అంటారు. మామూలుది కొన్ని వందల రూపాయలకే వస్తది. ముల్లును డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టాలి. నల్ల తీగ "కామ్" అని రాసిన రంధ్రంలో, ఎర్ర తీగ "వీ" అని రాసిన రంధ్రంలో పెట్టాలి. 10 ఆంపియర్లు అని రాసిన రంధ్రంలో ఎర్ర తీగ పెట్టి బ్యాటరీకి తాకించొద్దు. నేను మొదటి రోజే ఆ పని చేసిన. చటుక్కున నిప్పు లేచింది, మీటరు ఫ్యూజు పోయింది. మీరు నా తప్పు మళ్లీ చెయ్యొద్దని చెప్తున్నా.

ఇప్పుడు ఐదు కొలతలు. బండి న్యూట్రల్‌లో ఉండాలి, చేతి బ్రేకు వేసి ఉండాలి, ఫ్యాను దగ్గర ఎవరూ ఉండొద్దు, చీర కొంగు దోపుకోవాలి. సెల్ఫ్ కొట్టి చూసే కొలతలప్పుడు ఇంజన్ స్టార్ట్ కాకుండా స్టాప్ లాగి పట్టుకోవాలి. ఒక్కసారికి పది సెకన్ల కంటే ఎక్కువ కొట్టొద్దు, కొట్టినాక రెండు నిమిషాలు ఆగాలి. లేకపోతే సెల్ఫ్ మోటరు కాలిపోతది.

మొదటిది, పొద్దున బండి కదలకముందు బ్యాటరీ రెండు కొమ్ముల మీద చూడాలి. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12 కంటే కిందికి ఉంటే కడుపు ఖాళీ. అది ముందు చార్జింగ్ పెట్టాలి. ఖాళీ బ్యాటరీతో తర్వాతి కొలతలు చూస్తే తప్పుడు లెక్క వస్తది.

రెండోది, ఒకరు సెల్ఫ్ కొడుతుంటే ఇంకొకరు అవే రెండు కొమ్ముల మీద చూడాలి. 9.6 కంటే కిందికి పడొద్దు. నిండుగా చార్జింగ్ ఉన్న బ్యాటరీ కూడా అంతకంటే కిందికి పడితే, బ్యాటరీ లోపల బలం పోయినట్టు, లేకపోతే సెల్ఫ్ మోటరు పట్టేసి మరీ ఎక్కువ కరెంటు లాగుతున్నట్టు.

మూడోది ప్లస్ దారి. ఎర్ర పుల్ల బ్యాటరీ ప్లస్ కొమ్ము మీద, నల్ల పుల్ల సెల్ఫ్ మోటరుకు లావు తీగ వచ్చే బోల్టు మీద పెట్టి సెల్ఫ్ కొట్టాలి. అర వోల్టు లోపల ఉండాలి. ఎక్కువ వస్తే ఆ దారిలోనే ఎక్కడో తింటుంది.

నాలుగోది మైనస్ దారి. నల్ల పుల్ల బ్యాటరీ మైనస్ కొమ్ము మీద, ఎర్ర పుల్ల ఇంజన్ ఒంటి మీద రంగు లేని చోట పెట్టి సెల్ఫ్ కొట్టాలి. 0.2, 0.3 కంటే ఎక్కువ రావద్దు. ఈ దారిని చాలామంది చూడరు. కరెంటు పోయే దారి అందరూ చూస్తారు, తిరిగి వచ్చే దారి మరిచిపోతారు.

ఐదోది, ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మీద చూడాలి. 13.8 నుంచి 14.5 దాకా ఉంటే డైనమో చార్జింగ్ చేస్తున్నట్టు. లైట్లు వేసినా అంతే ఉండాలి. 12 దగ్గరే ఉంటే బెల్టు వదులైందా, డైనమో వెనక తీగ ఊడిందా చూడాలి. 15 దాటితే రెగ్యులేటర్ చెడినట్టు, అది బ్యాటరీలో నీళ్లను ఉడికిస్తది.

మన బండిలో ఆ రోజు వచ్చిన అంకెలు నా పుస్తకంలో ఉన్నాయి. ఊరికే ఉన్నప్పుడు 12.6. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ మీద 11.4. ప్లస్ దారిలో పోయింది 0.3. మైనస్ దారిలో పోయింది 3.2. సెల్ఫ్ మోటరు చేతికి అందింది 7.9. మన నగదు పుస్తకం లెక్కనే కలిపి చూడండి. 7.9, 0.3, 3.2 కలిపితే 11.4. లెక్క కలిసింది. బ్యాంకు నుంచి 11.4 తీసినం, సంఘానికి చేరింది 7.9. మధ్యలో 3.2 తిన్నది ఎవరంటే ఎర్త్ పట్టీ. బ్యాటరీ దొంగ కాదు, సెల్ఫ్ మోటరు దొంగ కాదు, డ్రైవరు అసలే కాదు.

మరి పొద్దున స్టార్ట్ అయి మధ్యాహ్నం ఎందుకు కాలేదని నేను అడిగిన. వేడెక్కితే రాగి తీగలో కరెంటు నడక ఇంకా కష్టమైతదట. చల్లగా ఉన్నప్పుడు ఎట్లనో గట్టెక్కేది, వేడికి అది కూడా పోయేది. కొత్త బ్యాటరీకి బలం ఎక్కువ కాబట్టి ఒక రోజు నెట్టుకొచ్చింది. అందుకే మనకు రోగం నయమైనట్టు అనిపించింది.

మీటరు లేనప్పుడు చెవి, చెయ్యి కూడా కొంత చెప్తాయి. హెడ్ లైటు వేసి తాళం తిప్పండి. "టకటకటక" అని వరుసగా కొట్టుకొని లైటు ఆరిపోయినట్టయితే బ్యాటరీ ఖాళీ, లేదంటే కొమ్ము దగ్గర క్లాంపు వదులు. ఒక్క "టక్" అని ఆగితే సెల్ఫ్ మోటరుకు కరెంటు చాలడం లేదు, లేదా దాని పైన ఉన్న సొలినాయిడ్ లోపలి చెక్కలు కాలిపోయినాయి. లైటు మస్తుగా వెలుగుతూ ఏ శబ్దమూ రాకపోతే తాళం స్విచ్చు, ఫ్యూజు, రిలే చూడాలి. క్లచ్ తొక్కితేనే, గేరు న్యూట్రల్‌లో ఉంటేనే సెల్ఫ్ కొట్టే బండ్లలో ఆ చిన్న స్విచ్చు కూడా చూడాలి. ఇంకొకటి, నాలుగుసార్లు సెల్ఫ్ కొట్టినాక బ్యాటరీ తీగల అతుకులను చేతితో మెల్లగా తాకి చూడండి. మిగతా వాటికంటే ఏ అతుకు వేడిగా ఉంటే దొంగ అక్కడే ఉంటాడు.

రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోతుందని అనుమానం వస్తే చాలా సులువు పరీక్ష ఉంది. సాయంత్రం బ్యాటరీ మీద కొలత రాసి, మైనస్ క్లాంపు తీసి పెట్టండి. పొద్దున మళ్లీ కొలవండి. అంకె అట్లనే ఉంటే బ్యాటరీ మంచిదే, బండి తీగలలో ఏదో కరెంటు తాగుతుంది. ఒక్కొక్క ఫ్యూజు తీసి వెతకాలి. క్లాంపు తీసినా దిగిపోతే బ్యాటరీయే చెడిపోయింది. మనం ఆ పిలగాడి మీద మాట వేసిన రోజు ఈ ఒక్క పని చేసి ఉంటే అతని నిజాయితీ తెల్లారేసరికి తేలిపోయేది. ఖర్చు ఒక్క రూపాయి కూడా కాకపోయేది.

జాగ్రత్తలు రెండు ముక్కలలో చెప్తా. 12 వోల్టులు ఒంటికి షాకు కొట్టవు, కానీ కాలుస్తాయి. పానా రెండు కొమ్ములకూ తగిలితే ఎర్రగా కాలుతది. మన చేతి గాజులు, ఉంగరాలు, మెడలో గొలుసు కూడా అంతే. తీసిపెట్టి పని చెయ్యండి, తియ్యలేని గాజులకు బట్ట చుట్టుకోండి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. బ్యాటరీ దగ్గర బీడీ వద్దు, చార్జింగ్ అయ్యేటప్పుడు అంటుకునే గ్యాసు వస్తది. కొమ్ముల మీద పట్టిన తెల్లటి, పచ్చటి బూజును వంట సోడా కలిపిన నీళ్లతో కడిగి, ఆరినాక బిగించి, పైన వాజిలిన్ పూయండి. ఫ్యూజు పోతే దాని చోట అంతే నంబరుది వెయ్యండి, రాగి తీగ చుట్టొద్దు, చుడితే ఫ్యూజుకు బదులు బండే కాలుతది. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ క్లాంపు తియ్యొద్దు. బండికి వెల్డింగ్ చేయించేటప్పుడు ముందే బ్యాటరీ తీగలు విప్పండి. పెద్ద పొక్లెయిన్లకు రెండు బ్యాటరీలు వరుసగా కలిపి 24 వోల్టులు ఉంటాయి. పద్ధతి అదే, బ్యాటరీ అంకెలు రెట్టింపు.

అక్కలారా, మీలో చాలామంది ఐకేపీ కేంద్రాలలో వడ్లు కొన్నవాళ్లే. రైతు గింజ నోట్లో వేసుకొని కొరికి "ఎండినయి" అంటే మనం రాసుకుంటామా? తేమ మీటరు పెట్టి, 17 శాతం లోపల ఉంటేనే తీసుకుంటాం. రైతు మనకు చుట్టమైనా మీటరు చెప్పిందే రాస్తాం. వడ్లకు మీటరు పెట్టే మనం మనిషికి మాత్రం మీటరు లేకుండా శిక్ష వేసినం. ఇదే నన్ను రాత్రులు నిద్ర పోనియ్యలేదు.

ఎర్త్ పట్టీ దొరికిన తెల్లారి నేను ఆ అక్క ఇంటికి పోయిన. ఆమె చాయ్ పెట్టింది, మాట మాత్రం మాట్లాడలేదు. నేను చాయ్ తాగలేకపోయిన. చివరికి ఆమె ఒక్కటే అన్నది: "పైసలు పోతే పోయినయి, నా కొడుకును నలుగురిలో అన్నరు, నలుగురిలోనే కాదని చెప్పుండ్రి." ఆ మాట న్యాయం. ఇంట్లో చెప్పే క్షమాపణ చాలదు. అందుకే ఈ మైకు ముందుకు వచ్చిన.

అక్క అదిగో, మూడో వరుసలో కూర్చుంది. అక్కా, నీ కొడుకు తప్పు లేదు. అతను చెప్పింది నిజం. మేము చూడకుండా అన్నాము. ఉపసంఘం తరఫున, ఆ తీర్మానం రాసిన మనిషిగా నా తరఫున, ఈ సభలో అందరి ముందర నీకూ నీ కొడుకుకూ క్షమాపణ చెప్తున్నా. కోసిన నాలుగు వేలు వెనక్కి ఇయ్యాలని, పాత తీర్మానం రద్దు చెయ్యాలని ఇయ్యాలటి మినిట్స్‌లో రాయమని అధ్యక్షురాలు గారిని కోరుతున్నా. అతను ఇప్పుడు వేరే చోట ట్రాక్టరు నడుపుతున్నాడు. మళ్లీ మన బండి ఎక్కాలా వద్దా అనేది అతని ఇష్టం. తాళాలు మాత్రం అతని పేరు మీదనే ఉంచినం.

ఇంకో మూడు తీర్మానాలు సభ ముందు పెడుతున్నా. ఒకటి, కిరాయి కేంద్రంలో ఒక మల్టీమీటరు, పానాల సెట్టు, గరుకు కాగితం, రెండు తీరుల ఫ్యూజులు ఎప్పుడూ ఉండాలి. రెండు, ప్రతి బండికి ఒక కొలతల పుస్తకం పెట్టి, నెలకు ఒకసారి, కోతల ముందు ఒకసారి ఈ ఐదు అంకెలు రాయాలి. పోయిన నెల 0.2 ఉన్నది ఈ నెల 0.6 అయితే బండి ఆగకముందే మనకు తెలుస్తది. మూడు, ఐదు అంకెలు పుస్తకంలో రాయకుండా కొత్త బ్యాటరీకి గాని, సెల్ఫ్ మోటరుకు గాని డబ్బులు ఇయ్యొద్దు, ఎవరి జీతమూ కొయ్యొద్దు.

నేర్చుకోవాలనుకునే అక్కలు రెండో శనివారం మన కేంద్రం దగ్గరికి రండి. గంట పని. రాయడం, చదవడం రాకున్నా అంకెలు గుర్తుపడితే చాలు. పొదుపు పుస్తకంలో అంకెలు చూసుకున్న కండ్లే ఇక్కడ కూడా చాలు. ఆ పడిపోయిన వరి మడి అక్కకు వచ్చే వానాకాలం కోతలలో మన బండి ముందుగా పోతదని ఉపసంఘం ఒప్పుకుంది. ఆమె పేరు జాబితాలో మొదటి వరుసలో రాసిన.

నా మాటలలో తప్పులుంటే మన్నించండి.  సెలవు.